డల్లాస్ తర్వాత: కెన్నడీ హత్య, అమెరికా సంప్రదాయవాదం, రాజకీయ విభజన (1963–1968)

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తర్వాత మీరు:
• 1963కు ముందే అమెరికా రాజకీయాల్లో ఉన్న చీలికలను గుర్తించగలుగుతారు.
• కెన్నడీ హత్యానంతరం నింద ఎవరి మీద పడిందో, దాని ఫలితాలేమిటో వివరించగలుగుతారు.
• 1964లో ఘోరంగా ఓడిన సంప్రదాయవాద ఉద్యమం ఎలా నిలదొక్కుకుందో విశ్లేషించగలుగుతారు.
• ఒక సంఘటన తర్వాత జరిగినదానికీ, దాని వల్ల జరిగినదానికీ ఉన్న తేడాను చెప్పగలుగుతారు.

1. ప్రస్తావన

తరగతి గదిలో కెన్నడీ హత్య ప్రసక్తి వచ్చిన ప్రతిసారీ విద్యార్థులు నన్ను అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "సార్, అసలు చంపించింది ఎవరు?" ఆ కుతూహలం సహజమే. అయితే చరిత్ర విద్యార్థి అడగవలసిన ప్రశ్న మరొకటి ఉంది. హంతకుడెవరో తేలకముందే ఎవరు ఎవరిని నిందించారు? ఆ నింద తర్వాతి రాజకీయాలను ఎటు నడిపించింది? ఈ పాఠం ఈ రెండో ప్రశ్న గురించి.

"కెన్నడీ హత్యతో అమెరికా రెండుగా చీలిపోయింది" అని జవాబు పత్రాల్లో చాలామంది రాస్తారు. వినడానికి బాగుంటుంది కానీ, వాస్తవాలు దీనికి పూర్తిగా సరిపోవు. చీలికలు హత్యకు ముందే ఉన్నాయి. హత్య వాటిని కొంతకాలం కప్పిపుచ్చింది. ఆ విరామంలో ఒక గొప్ప చట్టం వచ్చింది. అదే విరామంలో, తమ తప్పు లేకుండా నేరస్థుల్లా నిలబడవలసి వచ్చిందని భావించిన ఒక వర్గం తన సొంత ఉద్యమాన్ని గట్టిపరచుకుంది. ఈ రెండింటినీ కలిపి చూసినప్పుడే 1968 నాటి అమెరికా మనకు అర్థమవుతుంది.

2. 'సంప్రదాయవాదం' అంటే ఏమిటి?

ముందుగా పదం విషయంలో ఒక జాగ్రత్త. మన పత్రికలు అమెరికాలోని కుడిపక్షాన్ని తరచు 'మితవాదులు' అంటాయి. మీరు భారత జాతీయోద్యమ పాఠాల్లో గోఖలే వంటి నాయకులకు అదే పదం చదివారు. అక్కడ మితవాదమంటే నెమ్మదైన, రాజ్యాంగబద్ధమైన మార్గం. ఇక్కడి అర్థం అది కాదు. ఈ గందరగోళం లేకుండా ఉండటానికి ఈ పాఠంలో 'సంప్రదాయవాదులు' అనే పదాన్నే వాడుతున్నాం.

1950లలో రూపుదిద్దుకున్న అమెరికన్ సంప్రదాయవాదం మూడు పాయలు కలిసిన ప్రవాహం. కమ్యూనిజం పట్ల రాజీలేని వ్యతిరేకత ఒకటి. కేంద్ర ప్రభుత్వ అధికారాన్నీ, పన్నులనూ తగ్గించి వ్యాపారాన్ని స్వేచ్ఛగా వదలాలన్నది రెండోది. మతం, కుటుంబం, స్థానిక ఆచారాలు కాపాడాలన్నది మూడోది. 1955లో విలియం బక్లీ స్థాపించిన 'నేషనల్ రివ్యూ' పత్రిక వీటికి ఉమ్మడి వేదిక అయింది. 1960లో అరిజోనా సెనెటర్ బారీ గోల్డ్‌వాటర్ పేరుతో వెలువడిన 'ద కాన్షెన్స్ ఆఫ్ ఎ కన్జర్వేటివ్' అనే చిన్న పుస్తకం ఈ భావాలను సామాన్య పాఠకులకు చేర్చింది. అదే ఏడాది సెప్టెంబరులో 'యంగ్ అమెరికన్స్ ఫర్ ఫ్రీడం' అనే యువజన సంఘం ఏర్పడింది.

ఈ ఉద్యమం అంచున ఒక తీవ్ర వర్గం కూడా ఉండేది. 1958లో రాబర్ట్ వెల్చ్ స్థాపించిన జాన్ బర్చ్ సొసైటీకి ప్రతిచోటా కమ్యూనిస్టు కుట్రే కనిపించేది. పాఠశాలల్లో జాతి వేర్పాటు చెల్లదని 1954లో తీర్పు చెప్పిన ప్రధాన న్యాయమూర్తి ఎర్ల్ వారెన్‌ను అభిశంసించాలని ఈ సంస్థ దేశమంతటా ప్రచారం చేసింది. సంప్రదాయవాదులందరూ బర్చ్ సభ్యులు కారు. 1962లోనే బక్లీ తన పత్రికలో వెల్చ్ వైఖరిని విమర్శించాడు. ఈ భేదాన్ని గుర్తుంచుకోండి. హత్య జరిగిన మొదటి గంటల్లో చాలామంది మరచిపోయింది దీన్నే.

3. హత్యకు ముందే ఉన్న చీలికలు

1960 ఎన్నికల్లో కెన్నడీ గెలిచిన తేడా సుమారు 1,13,000 ఓట్లు మాత్రమే. దాదాపు ఏడు కోట్ల ఓట్లు పోలైన దేశంలో ఇది అతి స్వల్పం. పైగా ఆనాటి పార్టీలు ఇప్పటిలా లేవు. డెమోక్రటిక్ పార్టీలో ఉత్తరాది ఉదారవాదులూ, జాతి వేర్పాటును సమర్థించే దక్షిణాది నాయకులూ ఒకే గొడుగు కింద ఉండేవారు. రిపబ్లికన్ పార్టీలో న్యూయార్క్ గవర్నర్ నెల్సన్ రాక్‌ఫెల్లర్ వంటి ఉదారవాదులూ, గోల్డ్‌వాటర్ వంటి సంప్రదాయవాదులూ ఉండేవారు. అంటే చీలిక పార్టీల మధ్య కంటే పార్టీల లోపలే ఎక్కువ.

1963 ఈ చీలికలను బట్టబయలు చేసింది. జూన్ 11న కెన్నడీ టెలివిజన్‌లో ప్రసంగిస్తూ పౌరహక్కులను నైతిక సమస్యగా ప్రకటించాడు. ఆ రాత్రి గడవకముందే మిసిసిపీలో నల్లజాతి నాయకుడు మెడ్గర్ ఎవర్స్‌ను ఇంటి ముందే కాల్చి చంపారు. సెప్టెంబరు 15న అలబామా రాష్ట్రంలోని బర్మింగ్‌హామ్‌లో ఒక చర్చిలో బాంబు పేలి నలుగురు బాలికలు మరణించారు. రాజకీయ హింస డల్లాస్‌లో మొదలు కాలేదని ఈ రెండు ఘటనలే చెబుతాయి.

టెక్సాస్‌లోని డల్లాస్ నగరం తీవ్ర కుడిపక్షానికి పేరుపడింది. 1963 అక్టోబరు 24న అక్కడికి వచ్చిన ఐక్యరాజ్యసమితి రాయబారి అడ్లై స్టీవెన్‌సన్‌ను ఒక నిరసనకారిణి అట్టతో కొట్టింది. మరొకరు ఆయన మీద ఉమ్మారు. నెల తిరగకముందే టెక్సాస్ డెమోక్రాట్ల అంతఃకలహాన్ని సర్దుబాటు చేయడానికీ, రాబోయే ఎన్నికలకు రంగం సిద్ధం చేసుకోవడానికీ కెన్నడీ అదే రాష్ట్రానికి బయలుదేరాడు. ఆయనను దేశద్రోహిగా చిత్రించే కరపత్రాలు డల్లాస్ వీధుల్లో పంచారు. నవంబరు 22 ఉదయం అక్కడి ప్రముఖ దినపత్రికలో నల్ల అంచుతో, ఆయన విధానాలను దుయ్యబడుతూ పూర్తి పేజీ ప్రకటన వెలువడింది.

4. నాలుగు రోజులు: నింద ఎవరి మీద?

ఆ మధ్యాహ్నం 12:30కి కాల్పులు జరిగాయి. పై నేపథ్యం తెలిసినవారికి ఇది తీవ్ర కుడిపక్షం పనేనని అనిపించడంలో ఆశ్చర్యం లేదు. అలా అనుకున్నవారు చాలామంది ఉన్నారు. దేశంలో పలుచోట్ల సంప్రదాయవాద కార్యాలయాలకు బెదిరింపులు వచ్చాయి. డల్లాస్‌కు 'ద్వేషనగరం' అన్న పేరు పడి చాలా ఏళ్ళు నిలిచింది.

గంటన్నర లోపే పోలీసులు లీ హార్వే ఆస్వాల్డ్‌ను పట్టుకున్నారు. అతడు మాజీ మెరైన్ సైనికుడు. తనను తాను మార్క్సిస్టునని చెప్పుకునేవాడు. 1959 నుంచి 1962 దాకా సోవియట్ యూనియన్‌లో నివసించాడు. క్యూబా అనుకూల కరపత్రాలు పంచాడు. 1963 ఏప్రిల్‌లో డల్లాస్‌లోనే ఉన్న కుడిపక్ష నాయకుడు, మాజీ జనరల్ ఎడ్విన్ వాకర్ మీద గుండు పేల్చింది కూడా అతడేనని వారెన్ సంఘం తర్వాత నిర్ధారించింది. రెండు రోజుల తర్వాత, నవంబరు 24న, పోలీసుల కాపలాలో ఉండగానే జాక్ రూబీ అనే వ్యక్తి ఆస్వాల్డ్‌ను కాల్చి చంపాడు. ఆ దృశ్యం టెలివిజన్‌లో ప్రత్యక్షంగా ప్రసారమైంది. న్యాయస్థానంలో విచారణ జరిగే అవకాశం అక్కడితో పోయింది.

ఇప్పుడు రెండు వైపులా ఏం జరిగిందో గమనించండి. నిందితుడు వామపక్షీయుడని తెలిసిన తర్వాత కూడా, "గుండు ఎవరు పేల్చినా, ద్వేష వాతావరణం సృష్టించింది కుడిపక్షమే" అన్న వాదన ఆగలేదు. ఎర్ల్ వారెన్ స్వయంగా తన సంతాప ప్రసంగంలో దేశంలో వ్యాపించిన ద్వేషాన్ని తప్పుపట్టాడు. మరోవైపు బర్చ్ సొసైటీ వర్గాలు ఆస్వాల్డ్ వెనుక అంతర్జాతీయ కమ్యూనిస్టు కుట్ర ఉందని ప్రచారం చేశాయి. ఒకరికి సాక్ష్యం వచ్చినా అభిప్రాయం మారలేదు. మరొకరికి సాక్ష్యానికి మించిన కథ దొరికింది. ఇద్దరి తీరులోనూ పోలిక ఉంది: ఒక వ్యక్తి చేసిన నేరాన్ని తమకు ముందే నచ్చని వర్గం మొత్తానికి అంటగట్టడం.

ఈ పోలికను చెప్పేటప్పుడు ఒక హెచ్చరిక అవసరం. డల్లాస్‌లో ద్వేష ప్రచారం జరగలేదని ఎవరూ అనలేరు. స్టీవెన్‌సన్‌పై దాడి నిజం, కరపత్రాలు నిజం. వాటిని ఖండించడం న్యాయం. ఈ హత్యకు అవే కారణమని చెప్పడం మాత్రం వేరే వాదన. దానికి వేరే రుజువు కావాలి. ఆ రుజువు లేదు.

1963 నవంబరు 29న అధ్యక్షుడు జాన్సన్ నియమించిన వారెన్ సంఘం, ఆస్వాల్డ్ ఒంటరిగానే హత్య చేశాడని 1964 సెప్టెంబరులో నివేదిక ఇచ్చింది. చాలామంది నమ్మలేదు. 1979లో ప్రతినిధుల సభ నియమించిన సంఘం బహుశా కుట్ర జరిగి ఉంటుందని చెప్పింది. ఆ నిర్ణయానికి ఆధారమైన ధ్వని సాక్ష్యాన్ని తర్వాత శాస్త్రవేత్తలు తోసిపుచ్చారు.

5. సంతాపం నుంచి చట్టానికి

"చచ్చినవాడి కళ్ళు చారెడు" అని మన సామెత. 1960లో కెన్నడీకి వచ్చిన ఓట్లు సగానికి కాస్త తక్కువే. హత్యానంతరం సర్వేలో అడిగితే దాదాపు మూడింట రెండు వంతుల మంది తాము ఆయనకే ఓటు వేశామన్నారు! లిండన్ జాన్సన్ ఈ సానుభూతి విలువను గ్రహించాడు. నవంబరు 27న కాంగ్రెస్ ఉభయసభలనుద్దేశించి ప్రసంగిస్తూ, పౌరహక్కుల బిల్లును ఆమోదించడమే కెన్నడీకి అసలైన స్మారకమని కోరాడు.

బిల్లు 1964 ఫిబ్రవరి 10న ప్రతినిధుల సభలో 290–130తో నెగ్గింది. సెనెట్‌లో మాత్రం దక్షిణాది సభ్యులు ఫిలిబస్టర్‌కు దిగారు. ఓటింగు జరగకుండా రోజుల తరబడి ప్రసంగిస్తూ పోవడమే ఫిలిబస్టర్. మార్చి 30న మొదలైన చర్చను ముగించడానికి జూన్ 10 దాకా పట్టింది. రిపబ్లికన్ నాయకుడు ఎవరెట్ డర్క్‌సన్ సహకారం లేకపోతే అదీ జరిగేది కాదు. జూన్ 19న బిల్లు 73–27తో నెగ్గింది. జూలై 2న చట్టమైంది.

కింది అంకెలు ముఖ్యమైనవి. సెనెట్‌లో 33 మంది రిపబ్లికన్లలో 27 మంది చట్టానికి అనుకూలం. 67 మంది డెమోక్రాట్లలో 46 మంది అనుకూలం, 21 మంది వ్యతిరేకం. అంటే ఈ చట్టం ఒక పార్టీ విజయం కాదు. వ్యతిరేకించిన ఆరుగురు రిపబ్లికన్లలో గోల్డ్‌వాటర్ ఒకడు. 1957, 1960 పౌరహక్కుల చట్టాలకు ఓటు వేసిన ఆయన, ప్రైవేటు వ్యాపారాలనూ ఉద్యోగ నియామకాలనూ కేంద్రం శాసించడం రాజ్యాంగ విరుద్ధమని వాదించాడు. ఆయన ఉద్దేశం ఏదైనా కావచ్చు. దక్షిణాదిలో వేర్పాటువాదులు ఆ ఓటును తమకు అండగా స్వీకరించారు. రాజకీయాల్లో ఉద్దేశాన్నీ ఫలితాన్నీ విడివిడిగా తూచాలి.

6. ఓడినా నిలిచిన ఉద్యమం

గోల్డ్‌వాటర్, కెన్నడీ ప్రత్యర్థులైనా స్నేహితులు. 1964 ఎన్నికల్లో కలిసి దేశం తిరుగుతూ బహిరంగ చర్చలు జరపాలని మాట్లాడుకున్నామని గోల్డ్‌వాటర్ తర్వాత చెప్పాడు. హత్యతో ఆయన పోటీ ఆలోచననే దాదాపు వదులుకున్నాడు. అనుచరుల ఒత్తిడి మీద 1964 జనవరి 3న అభ్యర్థిత్వం ప్రకటించాడు.

జూలైలో శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన రిపబ్లికన్ మహాసభ పార్టీ లోపలి చీలికను టెలివిజన్ సాక్షిగా దేశానికి చూపింది. తీవ్రవాద ధోరణులను ఖండించాలని కోరిన రాక్‌ఫెల్లర్‌ను ప్రతినిధులు గోల చేసి మాట్లాడనివ్వలేదు. స్వేచ్ఛ కోసం తీవ్రత తప్పు కాదన్న అర్థంలో గోల్డ్‌వాటర్ మాట్లాడాడు. అధ్యక్షుడి హత్య జరిగి ఎనిమిది నెలలైనా కాని దేశంలో ఆ మాట చాలామందిని భయపెట్టింది. జాన్సన్ పక్షం ఆ భయాన్ని వాడుకుంది. పూలరేకులు లెక్కపెడుతున్న పసిపిల్ల దృశ్యం అణు విస్ఫోటనంగా మారే ప్రచారచిత్రం సెప్టెంబరు 7న ఒక్కసారే ప్రసారమైనా దేశమంతా దాని గురించే మాట్లాడుకుంది.

నవంబరు 3న జాన్సన్‌కు 61 శాతం ఓట్లు, 486 ఎలక్టోరల్ ఓట్లు వచ్చాయి. గోల్డ్‌వాటర్‌కు దక్కినవి 52 మాత్రమే. సంప్రదాయవాదం పని అయిపోయిందని విశ్లేషకులు తేల్చేశారు. వారు మూడు విషయాలు గమనించలేదు.

మొదటిది భౌగోళికం. గోల్డ్‌వాటర్ గెలిచిన ఆరు రాష్ట్రాల్లో సొంత అరిజోనా కాక మిగతా అయిదూ దక్షిణాదివే: మిసిసిపీ, అలబామా, జార్జియా, లూసియానా, దక్షిణ కరోలినా. జార్జియాను ఒక రిపబ్లికన్ అభ్యర్థి గెలవడం అదే మొదటిసారి.

రెండోది సంస్థాబలం. ఇంటింటికీ తిరిగిన కార్యకర్తలు, చిన్న మొత్తాలు ఇచ్చిన దాతలు ఎన్నికతో మాయం కాలేదు. రిచర్డ్ విగరీ అనే యువకుడు ప్రభుత్వ రికార్డుల్లోని గోల్డ్‌వాటర్ దాతల పేర్లు వేల సంఖ్యలో చేతితో రాసి తీసుకున్నాడు. ఉత్తరాల ద్వారా నిధులు సేకరించే విధానానికి ఆ జాబితాయే పెట్టుబడి అయింది.

మూడోది మనోభావం. హత్యానంతరం తమను నేరంలో భాగస్వాములుగా చూశారన్న బాధ, పత్రికలూ మేధావులూ తమకు వ్యతిరేకమన్న నమ్మకం ఈ కార్యకర్తలను దగ్గర చేశాయి. ఓటమి కంటే అవమానం ఎక్కువకాలం గుర్తుంటుంది. 1964 అక్టోబరు 27న గోల్డ్‌వాటర్ తరఫున టెలివిజన్‌లో ప్రసంగించిన సినిమా నటుడు రోనాల్డ్ రీగన్ ఈ వర్గానికి కొత్త గొంతు అయ్యాడు. అయితే ఉద్యమం ఎదగడానికి మనోభావం ఒక్కటే చాలలేదు. 1965 అక్టోబరులో 'నేషనల్ రివ్యూ' బర్చ్ సొసైటీతో పూర్తిగా తెగతెంపులు చేసుకుంది. తీవ్రవర్గాన్ని దూరం పెట్టడం ఓటర్ల ఆమోదానికి తోడ్పడింది.

7. 1964 నుంచి 1968కి

1965 ఆగస్టులో ఓటుహక్కు చట్టం వచ్చిన అయిదు రోజులకే లాస్ ఏంజెలస్‌లోని వాట్స్ ప్రాంతంలో అల్లర్లు చెలరేగాయి. వియత్నాం యుద్ధం ముదిరింది. 1966లో రిపబ్లికన్లు ప్రతినిధుల సభలో 47 స్థానాలు అదనంగా గెలిచారు. రీగన్ కాలిఫోర్నియా గవర్నరుగా ఎన్నికయ్యాడు.

1968లో రెండు హత్యలు జరిగాయి. ఏప్రిల్ 4న మార్టిన్ లూథర్ కింగ్‌ను మెంఫిస్‌లో చంపారు. వందకు పైగా నగరాల్లో అల్లర్లు జరిగాయి. వారం తిరిగేసరికి గృహవసతిలో వివక్షను నిషేధించే చట్టం వచ్చింది. జూన్ 5న లాస్ ఏంజెలస్‌లో తూటా తగిలిన రాబర్ట్ కెన్నడీ మర్నాడు మరణించాడు. ఈసారి సంతాపం దేశాన్ని ఏకం చేయలేదు. నవంబరులో నిక్సన్ 43.4 శాతంతో గెలిచాడు. వేర్పాటువాది జార్జ్ వాలస్‌కు 13.5 శాతం, అయిదు దక్షిణాది రాష్ట్రాలు దక్కాయి. నాలుగేళ్ళ క్రితం 61 శాతం సాధించిన డెమోక్రటిక్ పార్టీ 42.7 శాతానికి దిగింది.

ఈ మార్పుకు కెన్నడీ హత్యే కారణమా? కాదు. జాతి సమస్య, యుద్ధం, నగరాల్లో అశాంతి, పన్నులు, తరాల మధ్య అంతరం ప్రధాన కారణాలు. హత్య చేసింది ఇంతే: చట్టాల రాకను వేగిరపరచింది, పరస్పర అనుమానాలకు ఒక జ్ఞాపకాన్ని అందించింది.

8. మన దాకా వచ్చిన ఒక ఫలితం

జన్మదేశాన్ని బట్టి వలసలను పరిమితం చేసే పాత పద్ధతిని రద్దు చేయాలని కెన్నడీ 1963 జూలైలో ప్రతిపాదించాడు. ఆయన మరణానంతరం, 1965 అక్టోబరు 3న, జాన్సన్ ఆ చట్టంపై సంతకం చేశాడు. తర్వాతి దశాబ్దాల్లో తెలుగు వైద్యులు, ఇంజనీర్లు, వారి కుటుంబాలు అమెరికాలో స్థిరపడటానికి దారి తెరిచింది ఈ చట్టమే. కాలక్రమంలో వలసలే సంప్రదాయవాద రాజకీయాల్లో ముఖ్య వివాదాంశమయ్యాయి. మీ ఊరి నుంచి అక్కడికి వెళ్ళిన కుటుంబాల భవిష్యత్తుకూ ఈ పాఠంలోని విభజనకూ ఉన్న సంబంధం ఇది.

9. ఈ పాఠం ఈరోజు ఎందుకు?

2025 జూన్ 14న మినసోటా రాష్ట్ర డెమోక్రటిక్ నాయకురాలు మెలిస్సా హార్ట్‌మన్‌నూ ఆమె భర్తనూ చంపారు. సెప్టెంబరు 10న యూటాలోని ఒక విశ్వవిద్యాలయ ప్రాంగణంలో సంప్రదాయవాద యువజన నాయకుడు చార్లీ కర్క్‌ను కాల్చి చంపారు. నిందితుడు పట్టుబడకముందే, అదే రాత్రి, అధ్యక్షుడు ట్రంప్ తీవ్ర వామపక్షాన్ని నిందిస్తూ ప్రసంగించాడు. మరోపక్క కొందరు ఆ మరణాన్ని హర్షిస్తూ రాతలు రాశారు. 1963లో మొదటి వేలు కుడివైపు చూపింది, 2025లో ఎడమవైపు. వేలు దిశ మారింది, తొందర మారలేదు.

ఇలాంటి వార్త విన్నప్పుడు మీరు మూడు ప్రశ్నలు వేసుకోండి. ఇప్పటికి తెలిసిందేమిటి? నేను ముందే నమ్మినదాన్ని ఈ ఘటనకు అతికిస్తున్నానా? ఒకడి నేరానికి ఎంతమందిని బాధ్యులను చేస్తున్నాను? ఈ ప్రశ్నలు పరీక్ష కోసం కాదు. ఓటరుగా, పొరుగువారిగా మీకు జీవితాంతం అవసరమవుతాయి.

సారాంశం

కెన్నడీ హత్యకు ముందే అమెరికా చీలి ఉంది. సంతాపం ఆ చీలికను తాత్కాలికంగా కప్పి 1964 పౌరహక్కుల చట్టానికి తోడ్పడింది. ఆధారం లేని సామూహిక నింద సంప్రదాయవాదుల్లో అవమానభావాన్ని పెంచింది. వారు ఎన్నికలో ఓడి, సంస్థగా బలపడ్డారు. హత్య తర్వాత జరిగినదంతా హత్య వల్ల జరిగినది కాదు.

మాదిరి ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 10 వాక్యాల్లో జవాబులు రాయండి.
1. 1950లలో అమెరికా సంప్రదాయవాదంలోని ముఖ్య పాయలు ఏవి?
2. ఫిలిబస్టర్ అంటే ఏమిటి? 1964లో దాన్ని ఎలా అధిగమించారు?

II. కింది ప్రశ్నలకు 30 వాక్యాల్లో జవాబులు రాయండి.
1. "1964 ఓటమి సంప్రదాయవాద ఉద్యమానికి పునాది అయింది." చర్చించండి.
2. కెన్నడీ హత్యే అమెరికా రాజకీయ విభజనకు కారణమన్న వాదనను విమర్శనాత్మకంగా పరిశీలించండి.